పారిశ్రామిక భద్రత: ప్రమాదానికి ముందే అందవలసిన న్యాయ సహాయం

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఒక పాలిమర్ పరిశ్రమ నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక ఔషధ పరిశ్రమలో సంభవించిన పేలుడులో 17 మంది అసువులు బాసారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలో జరిగిన పేలుడు, గల్లంతైన వారితో కలిపి 54 మందిని బలిగొన్నది.

ఈ మూడు సందర్భాలలోనూ ప్రభుత్వాలు తక్షణ సహాయం ప్రకటించాయి. విచారణకు కమిటీలు ఏర్పాటయ్యాయి. పోలీసు కేసులు నమోదయ్యాయి. కార్మికుల కుటుంబాలకు చట్టంతో, న్యాయవాదితో పరిచయం ఏర్పడినది ఆ తరువాతనే. సాధారణంగా పారిశ్రామిక ప్రమాదాలన్నింటిలో ఇదే వరుస కనిపిస్తుంది. అయితే భారతీయ చట్టాలు ఈ వరుసను నిర్దేశించలేదు. పని స్థలంలో అపాయం ఉన్నదని గుర్తించిన కార్మికునికి ఆ దశలోనే ఫిర్యాదు చేసే హక్కు ఉంది. ఆ ఫిర్యాదుకు న్యాయ సలహాను ఉచితంగా పొందే హక్కు కూడా ఉంది. ఈ రెండు హక్కులు వేర్వేరు చట్టాలలో, వేర్వేరు శాఖల పరిధిలో ఉండిపోవడం వలన వాటి మధ్య అనుసంధానం కొరవడింది. కార్మిక చట్టాలు సమూలంగా మారిన ప్రస్తుత తరుణంలో ఈ అంశం ప్రత్యేక పరిశీలనకు అర్హమైనది.

మారిన చట్టం - మారని బాధ్యత

దేశంలో కర్మాగారాల భద్రతకు దీర్ఘకాలం ఆధారంగా నిలిచినది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. 1984 డిసెంబరు 2-3 తేదీల మధ్యరాత్రి జరిగిన భోపాల్ దుర్ఘటన అనంతరం 1987లో ఈ చట్టానికి కీలకమైన సవరణలు జరిగాయి. ప్రమాదకర ప్రక్రియలకు సంబంధించి ప్రత్యేక అధ్యాయం, రసాయనాల వివరాలను కార్మికులకు వెల్లడించవలసిన బాధ్యత, భద్రతా కమిటీలలో కార్మికుల భాగస్వామ్యం, ఆసన్న ప్రమాదం గురించి హెచ్చరించే హక్కు ఆ సవరణల ద్వారానే వచ్చాయి.

2025 నవంబరు 21 నుండి వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 అమలులోకి వచ్చింది. ఫ్యాక్టరీల చట్టంతో సహా 13 చట్టాలు ఈ కోడ్‌లో విలీనమయ్యాయి. అదే రోజున సామాజిక భద్రత కోడ్, వేతనాల కోడ్, పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అమలులోకి వచ్చాయి. పాత చట్టాల క్రింద రూపొందించిన నియమాలు, జారీ చేసిన ఉత్తర్వులు కొత్త కోడ్‌కు విరుద్ధం కానంత మేరకు, రద్దయ్యే వరకు కొనసాగే విధంగా కోడ్‌లోనే ఏర్పాటు ఉంది.

ఈ మార్పు సందర్భంగా అధికారులు, పాత్రికేయులు ఒక విషయాన్ని గమనించవలసి ఉంది. 2025 నవంబరు 21కి ముందు జరిగిన ఉల్లంఘనలకు, ప్రమాదాలకు పాత చట్టమే వర్తిస్తుంది. చట్టం రద్దయినంత మాత్రాన దాని క్రింద అప్పటికే ఏర్పడిన బాధ్యతలు, ప్రారంభమైన చర్యలు రద్దు కావని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోని 6వ సెక్షన్ స్పష్టం చేస్తున్నది. అందువలన పాశమైలారం ఘటనకు సంబంధించిన ఫ్యాక్టరీల చట్ట ఉల్లంఘనలను 1948 చట్టం ప్రకారమే పరిశీలించవలసి ఉంటుంది. కొత్త కోడ్ వచ్చింది కనుక పాత కేసులు నిలువవన్న ప్రచారానికి ఆధారం లేదు.

యాజమాన్యాలకు ఎదురయ్యే చిక్కులు

భద్రతా చట్టాల అమలులో న్యాయ సహాయం అవసరం కార్మికులకు మాత్రమే పరిమితమైనది కాదు. పెద్ద సంస్థలకు న్యాయ విభాగాలు, భద్రతా నిపుణులు ఉంటారు. పారిశ్రామిక వాడలలోని చిన్న, మధ్యతరహా యూనిట్లలో యజమానియే మేనేజరు, కొనుగోలుదారు, లెక్కల పర్యవేక్షకుడు. ఏ చట్టం తనకు వర్తిస్తుందో తెలియకపోవడమే అతనికి ఎదురయ్యే మొదటి సమస్య.

ఇందుకు ఒక ఉదాహరణ చెప్పుకోవచ్చు. 1948 చట్టం ప్రకారం విద్యుత్తు ఉపయోగించే చోట 10 మంది, ఉపయోగించని చోట 20 మంది పనివారు ఉంటే అది ఫ్యాక్టరీ. కొత్త కోడ్ ఈ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. విద్యుత్తుతో నడిచే యూనిట్‌లో 15 మంది పనిచేస్తుంటే, కోడ్ నిర్వచనం మేరకు అది ఫ్యాక్టరీ కాదు. అయితే 10 మంది పనిచేసే ప్రతి సంస్థా అదే కోడ్ ప్రకారం ‘ఎస్టాబ్లిష్‌మెంట్’ అవుతుంది. కనుక ప్రమాదరహితమైన పని స్థలాన్ని కల్పించడం, నియామక పత్రం ఇవ్వడం, నిర్దేశించిన ఉద్యోగులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్షలు జరిపించడం వంటి యజమాని బాధ్యతలు ఆ యూనిట్‌కు కూడా వర్తిస్తాయి. ఆ యూనిట్‌లో ప్రమాదకర రసాయనాలు ఉన్నట్లయితే, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద 1989లో వెలువడిన ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు కూడా వర్తిస్తాయి. ఈ నియమాలకు కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేదు. రసాయన స్వభావం, నిల్వ పరిమాణమే ప్రాతిపదిక. ‘మాది ఫ్యాక్టరీ కాదు’ అన్న ధీమాతో ఉన్న యజమాని, ప్రమాదం జరిగిన రోజున ఒకేసారి రెండు మూడు చట్టాల క్రింద జవాబుదారీ కావలసి వస్తుంది.

మరికొన్ని అంశాలలో కొత్త కోడ్ పరిధిని విస్తరించింది. భద్రతా అధికారిని నియమించవలసిన బాధ్యత పాత చట్టం ప్రకారం సాధారణంగా వెయ్యి మంది కార్మికులున్న ఫ్యాక్టరీలకు ఉండేది. కోడ్ ఈ సంఖ్యను 500కు తగ్గించింది. ప్రమాదకర ప్రక్రియలు నిర్వహించే ఫ్యాక్టరీలలో 250 మంది ఉన్నా భద్రతా అధికారి ఉండి తీరాలి. ఔషధ, రసాయన రంగాలలో మధ్యతరహా సంస్థలు అధికంగా ఉన్న తెలుగు రాష్ట్రాలలో ఈ మార్పు ప్రభావం గణనీయంగా ఉంటుంది.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నపై కూడా న్యాయస్థానాలు స్పష్టత ఇచ్చాయి. కంపెనీ విషయంలో డైరెక్టర్లలో ఒకరు మాత్రమే చట్టరీత్యా ఫ్యాక్టరీ ‘ఆక్యుపైయర్’ కాగలరని, ఉద్యోగిని ఆ స్థానంలో చూపి డైరెక్టర్లు తప్పుకొనలేరని సుప్రీంకోర్టు 1996లో జె.కె. ఇండస్ట్రీస్ కేసులో తీర్పు చెప్పింది. భద్రతకు నిధులు మంజూరు చేసే అధికారం ఎవరికి ఉన్నదో బాధ్యత కూడా వారికే ఉండాలన్నది దీని అంతరార్థం.

కాగితంపై భద్రత

యాజమాన్యాలకు న్యాయ సలహా అందించే వారి పాత్ర ఇక్కడ కీలకమవుతుంది. లైసెన్సు పునరుద్ధరణ, రిజిస్టర్ల నిర్వహణ, రిటర్నుల దాఖలు వరకే సలహా పరిమితమైతే కాగితంపై భద్రత ఉంటుంది. పని స్థలంలో మాత్రం అపాయం యథాతథంగా మిగిలిపోతుంది. ఆమోదం పొందిన ప్లానుకు, వాస్తవంగా నడుస్తున్న ప్రక్రియకు మధ్య తేడా ఏర్పడడం సర్వసాధారణమైన లోపం. ఒక ఉత్పత్తికి అనుమతి పొందిన యూనిట్‌లో కొంతకాలానికి మరొక ఉత్పత్తి మొదలవుతుంది. కొత్త రియాక్టరు లేదా డ్రయ్యరు వచ్చి చేరుతుంది. నిల్వ చేసే ద్రావణి మారుతుంది. అత్యవసర ప్రణాళిక మాత్రం పాత ఉత్పత్తికి సంబంధించినదే ఉంటుంది.

1989 నియమాల ప్రకారం నిర్దేశిత పరిమాణానికి మించి ప్రమాదకర రసాయనాలు ఉన్న పరిశ్రమలు ఆన్‌సైట్ అత్యవసర ప్రణాళికను సిద్ధం చేయాలి. దానిపై ఆరు నెలలకు ఒకసారి మాక్ డ్రిల్ నిర్వహించాలి. పరిశ్రమ ఆవరణ వెలుపల నివసించే ప్రజల రక్షణకు ఆఫ్‌సైట్ ప్రణాళికను సంబంధిత అధికార యంత్రాంగం రూపొందించి, ఏడాదికి ఒకసారి దానిపై సన్నాహక విన్యాసం జరపాలి. ప్రతి ప్రమాదకర రసాయనానికి భద్రతా సమాచార పత్రం అందుబాటులో ఉండాలి. ఆ పరిశ్రమతో సంబంధం లేని నిపుణునితో స్వతంత్ర భద్రతా ఆడిట్ జరిపించాలి. న్యాయ సలహాదారు ఈ ప్రణాళికలను ప్రస్తుత ప్రక్రియతో పోల్చి చూడాలి. మాక్ డ్రిల్‌లో కాంట్రాక్టు కార్మికులు పాల్గొన్నారా, భద్రతా పత్రం వారు చదవగలిగిన భాషలో ఉన్నదా అని నిర్ధారించుకోవాలి. అప్పుడే ఆ సలహా యజమానికి నిజమైన రక్షణ కాగలదు.

కొత్త కోడ్ తనిఖీ అధికారికి ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అన్న హోదా ఇచ్చింది. తనిఖీతో పాటు, చట్టాన్ని పాటించే విధానంపై యజమానులకు, కార్మికులకు సమాచారం, సలహా ఇవ్వడం కూడా ఆ అధికారి విధులలో చేరింది. న్యాయవాదిని నియమించుకొనే స్తోమత లేని చిన్న యజమాని ఈ ఏర్పాటును వినియోగించుకోవచ్చు. వ్రాతపూర్వకంగా సలహా కోరి, వ్రాతపూర్వకంగా సమాధానం పొందడం ఉభయులకూ మేలు. మౌఖికంగా అందిన సలహాకు తరువాత సాక్ష్యం ఉండదు.

కార్మికుని చేతిలోని హక్కు

కోడ్‌లోని 14వ సెక్షన్ ఉద్యోగుల హక్కులను నిర్వచించింది. తాను చేసే పనికి సంబంధించిన ఆరోగ్య, భద్రతా సమాచారాన్ని యజమాని నుండి పొందే హక్కు ఉద్యోగికి ఉంది. భద్రతా ఏర్పాట్లు చాలనప్పుడు నేరుగా గానీ, భద్రతా కమిటీ సభ్యుని ద్వారా గానీ యజమానికి విన్నవించవచ్చు. సంతృప్తికరమైన స్పందన లేనప్పుడు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్‌ను ఆశ్రయించవచ్చు. తీవ్రమైన గాయానికి లేదా మరణానికి దారితీయగల ఆసన్న ప్రమాదం ఉన్నదని సహేతుకంగా భావించినప్పుడు, యజమానికి తెలియజేస్తూనే అదే సమయంలో ఆ అధికారి దృష్టికి కూడా తీసుకుపోవచ్చు. యజమాని వెంటనే దిద్దుబాటు చర్య తీసుకొని అధికారికి నివేదిక పంపాలి. ప్రమాదం ఉన్నదన్న విషయంతో యజమాని ఏకీభవించకపోతే, ఆ అంశాన్ని అధికారికి నివేదించాలి. అధికారి నిర్ణయమే అంతిమం.

ఈ హక్కు ఆచరణలో అరుదుగా వినియోగమవుతున్నదనడానికి కారణాలు సుస్పష్టం. మొదటిది భయం. ఫిర్యాదు చేసిన మరుసటి రోజు గేటు వద్ద ఆపివేస్తారన్న ఆందోళన కాంట్రాక్టు కార్మికునికి సహజం. రెండవది భాష. తెలుగు రాష్ట్రాల పారిశ్రామిక వాడలలో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుండి వచ్చిన కార్మికులు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. పాశమైలారం మృతులలోనూ ఇతర రాష్ట్రాల వారు అనేకులున్నారు. మూడవది రూపం. మిషను ‘వేడెక్కుతోంది’ అన్న మాటను సూపర్‌వైజరుతో చెప్పడానికి, ఏ తేదీన, ఏ విభాగంలో, ఏ యంత్రంలో, ఏ లోపాన్ని ఎవరి దృష్టికి తెచ్చినదీ వ్రాసి సంతకం చేయడానికి చట్టం దృష్టిలో ఎంతో వ్యత్యాసం ఉంది. మొదటిది గాలిలో కలిసిపోతుంది. రెండవది అధికారికి చర్య తీసుకొనే బాధ్యతను కల్పిస్తుంది.

1948 చట్టంలోని 105వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం క్రింది నేరాలను ఇన్‌స్పెక్టరు ఫిర్యాదుపై లేదా ఇన్‌స్పెక్టరు ముందస్తు వ్రాతపూర్వక అనుమతితో మాత్రమే కోర్టు విచారణకు స్వీకరించగలదు. 106వ సెక్షన్ ప్రకారం నేరం ఇన్‌స్పెక్టరు దృష్టికి వచ్చిన నాటి నుండి మూడు నెలలలోగా ఆ ఫిర్యాదు దాఖలు కావాలి. కార్మికుడు నేరుగా కోర్టుకు వెళ్లే మార్గం లేనందున, అతను అధికారికి ఇచ్చే వ్రాతపూర్వక విజ్ఞాపనకే ప్రాధాన్యం ఏర్పడింది.

భయానికి చట్టంలో కొంత సమాధానం ఉంది. ఫిర్యాదు ఎవరి నుండి వచ్చిందన్న విషయాన్ని ఇన్‌స్పెక్టరు గోప్యంగా ఉంచాలని, ఫిర్యాదు కారణంగానే తనిఖీకి వచ్చినట్లు వెల్లడించరాదని ఫ్యాక్టరీల చట్టంలోని 118-ఎ సెక్షన్ నిర్దేశించింది. 1949లో భారతదేశం ఆమోదించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒడంబడికలోనూ ఇదే నియమం ఉంది. కక్షసాధింపుగా ఉద్యోగం నుండి తొలగించడం అనుచిత కార్మిక విధానం అవుతుంది. ఈ రక్షణలు ఉన్నాయని కార్మికునికి చెప్పగలిగిన వ్యక్తి, అతని మాటను చట్టం కోరిన రూపంలో వ్రాసి ఇవ్వగలిగిన వ్యక్తి ప్రస్తుతం లోపించాడు.

ఆదాయ పరిమితి లేని ఉచిత న్యాయ సహాయం

ఆ వ్యక్తిని సమకూర్చవలసిన వ్యవస్థ ఇప్పటికే ఉంది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 39-ఎ అధికరణం, ఆర్థిక కారణాల వలన ఏ పౌరునికీ న్యాయం నిరాకరింపబడరాదని ఆదేశించింది. దానికి అనుగుణంగా రూపొందిన 1987 న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుండి అమలులోకి వచ్చింది. జాతీయ స్థాయి నుండి జిల్లా స్థాయి వరకు న్యాయ సేవాధికార సంస్థలు, వాటి దిగువన మండల న్యాయ సేవాధికార కమిటీలు పనిచేస్తున్నాయి.

ఈ చట్టంలోని 12వ సెక్షన్ ఉచిత న్యాయ సేవలకు అర్హులైన వారిని పేర్కొన్నది. షెడ్యూల్డు కులాలు, తెగల వారు, మహిళలు, పిల్లలు, దివ్యాంగులతో పాటు ‘పారిశ్రామిక కార్మికుడు’ కూడా ఆ జాబితాలో ప్రత్యేకంగా ఉన్నాడు. పారిశ్రామిక విపత్తు బాధితులను కూడా మరొక క్లాజులో విడిగా చేర్చారు. ఈ వర్గాలకు ఆదాయ పరిమితి వర్తించదు. అంటే నెలకు ఎంత వేతనం పొందుతున్నా, కేసుకు ప్రాథమికంగా ఆధారం ఉంటే చాలు, పారిశ్రామిక కార్మికుడు ఉచిత న్యాయ సేవలకు అర్హుడే.

న్యాయ సేవ అన్న పదానికి ఇచ్చిన నిర్వచనం ఇంకా ముఖ్యమైనది. కోర్టులు, ట్రిబ్యునళ్లు, ఇతర అధికార సంస్థల ముందు జరిగే చర్యలలో సేవలందించడంతో పాటు ‘న్యాయపరమైన ఏ విషయంపైనైనా సలహా ఇవ్వడం’ కూడా ఆ నిర్వచనంలో చేరి ఉంది. కనుక ప్రమాదం జరిగే వరకు, కేసు దాఖలయ్యే వరకు వేచి ఉండవలసిన అవసరం లేదు. పని స్థలంలోని అపాయంపై ఫిర్యాదును ఎలా రూపొందించాలన్న సలహా సైతం ఈ చట్టం పరిధిలోనిదే.

జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, నల్సా, విపత్తు బాధితులకు న్యాయ సేవల పథకాన్ని 2010లోను, అసంఘటిత రంగ కార్మికులకు న్యాయ సేవల పథకాన్ని 2015లోను రూపొందించింది. గ్రామాలలో, బస్తీలలో న్యాయ సహాయ కేంద్రాల నిర్వహణకు 2011లో నిబంధనలు వెలువడ్డాయి. పారా లీగల్ వాలంటీర్ల వ్యవస్థ కూడా అందుబాటులో ఉంది. 15100 నంబరుకు ఫోను చేసి సహాయం కోరవచ్చు. అయితే న్యాయ సేవల శిబిరాలలో భూ వివాదాలు, కుటుంబ తగాదాలు, లోక్ అదాలత్ రాజీలు ప్రధానంగా చోటు చేసుకుంటున్నాయి. పారిశ్రామిక వాడ గేటు వద్ద, కార్మికుల షిఫ్టు మారే వేళకు అనుగుణంగా, హిందీ లేదా ఒడియా తెలిసిన వాలంటీరుతో నడిచే కేంద్రం అవసరం ఎంతైనా ఉంది.

నియామక పత్రం విలువ

ముందుగా అందిన న్యాయ సహాయం ప్రమాదం తరువాత ఏ విధంగా ఉపకరిస్తుందో నష్టపరిహారపు లెక్క తేటతెల్లం చేస్తుంది. 1923 నాటి నష్టపరిహార చట్టం ప్రకారం పనిలో మరణించిన కార్మికుని కుటుంబానికి, నెల వేతనంలో 50 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించగా వచ్చిన మొత్తం చెల్లించాలి. 30 ఏళ్ల వయసుకు ఈ గుణకం 207.98. వేతనం 15,000 రూపాయలుగా రుజువైతే పరిహారం 15,59,850 రూపాయలు. అదే కార్మికుని వేతనం రికార్డులలో 10,000 రూపాయలుగా మాత్రమే ఉంటే పరిహారం 10,39,900 రూపాయలకు తగ్గిపోతుంది. నియామక పత్రం గానీ, వేతన చీటీ గానీ లేని కారణంగా ఒక కుటుంబం 5,19,950 రూపాయలు కోల్పోతుందన్న మాట. గడువు దాటి నెల గడిచినా చెల్లించని యజమానిపై 12 శాతం వడ్డీతో పాటు, తగిన కారణం చూపకపోతే పరిహారంలో 50 శాతం వరకు జరిమానా విధించే అధికారం కమిషనరుకు ఉండేది. ఈ చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో విలీనమైంది.

ఇ.ఎస్.ఐ. పరిధిలోని కార్మికులకు ఈ పరిహారానికి బదులు ఆధారితుల పింఛను లభిస్తుంది. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రమాదకర వృత్తులలో ఒక్క ఉద్యోగి ఉన్నా ఇ.ఎస్.ఐ. వర్తింపజేసే వీలును కొత్త కోడ్ కల్పించింది. ప్రమాదం జరిగిన నాటికి కార్మికుని పేరు ఇ.ఎస్.ఐ.లో నమోదై ఉన్నదా, కాంట్రాక్టరు జాబితాలో ఉన్నదా, అసలు ఏ జాబితాలోనూ లేదా అన్నది కుటుంబ భవిష్యత్తును నిర్ణయించే అంశం. ప్రధాన యజమానికి తెలిసినా తెలియకపోయినా కాంట్రాక్టరు ద్వారా పనిలో చేరిన వ్యక్తి కూడా కార్మికుడేనని ఫ్యాక్టరీల చట్టం నిర్వచించింది. గల్లంతైన కార్మికుల విషయంలో హాజరు పట్టీయే తొలి సాక్ష్యం.

ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా, చట్టబద్ధమైన పరిహారం వేర్వేరు. ఎక్స్‌గ్రేషియా ప్రభుత్వ విచక్షణపై ఆధారపడిన సహాయం. పరిహారం కార్మికుని హక్కు. మొదటిది అందినందున రెండవది రద్దు కాదు. కార్మికులు కాని ఇరుగుపొరుగు ప్రజలు బాధితులైనప్పుడు 1991 ప్రజా బాధ్యత బీమా చట్టం వర్తిస్తుంది. విశాఖ ఘటనలో పరిసర గ్రామాల ప్రజలే ప్రధాన బాధితులు కావడం గమనార్హం.

క్రిమినల్ కేసులలోనూ బాధిత కుటుంబాలకు పాత్ర ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం ప్రాసిక్యూషన్‌కు సహకరించేందుకు బాధితులు కోర్టు అనుమతితో న్యాయవాదిని నియమించుకోవచ్చు. కొత్త భద్రతా కోడ్‌లోని 103వ సెక్షన్, విధుల ఉల్లంఘన కారణంగా మరణం సంభవిస్తే రెండేళ్ల వరకు జైలు లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా లేదా రెండూ విధించవచ్చునని పేర్కొన్నది. ఆ జరిమానాలో 50 శాతానికి తగ్గకుండా బాధితునికి లేదా వారసులకు పరిహారంగా ఇప్పించే అధికారాన్ని కోర్టుకు ఇచ్చింది. ఈ నిబంధన గురించి కోర్టుకు గుర్తు చేసి, ఆ మొత్తాన్ని కోరవలసిన బాధ్యత కుటుంబం తరఫు న్యాయవాదిపై ఉంటుంది.

పేలుడుకు వార్తలలో చోటు దొరుకుతుంది. సిలికోసిస్ వంటి వృత్తి వ్యాధులకు దొరకదు. రాయి పొడిలో పనిచేసిన వ్యక్తికి ఏళ్ల తరువాత ఊపిరితిత్తులు దెబ్బతిన్నప్పుడు, క్షయ అని భావించి చికిత్స చేసే అవకాశం ఉంది. అప్పటికి అతను ఆ సంస్థను విడిచి ఉంటాడు. ఆరోగ్య పరీక్షల రికార్డులు లేకపోతే వ్యాధికి, పనికి ఉన్న సంబంధాన్ని నిరూపించడం దుస్సాధ్యం. కార్మికుని ఆరోగ్య హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో అంతర్భాగమని సుప్రీంకోర్టు 1995లో ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో ప్రకటించింది. ఏటా జరిగే ఆరోగ్య పరీక్ష నివేదిక ప్రతిని కార్మికుడు అడిగి తీసుకోవడం ఆ హక్కును నిలబెట్టుకొనే సులభమైన మార్గం.

శాఖల మధ్య సమన్వయం

పైన వివరించిన ఏర్పాట్లలో వేటికీ కొత్త చట్టం అవసరం లేదు. ఫ్యాక్టరీల శాఖ, కార్మిక శాఖ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, ఇ.ఎస్.ఐ. సంస్థ ఒకే జిల్లా కేంద్రం నుండి పనిచేసే కార్యాలయాలు. ప్రమాదకర ప్రక్రియలున్న యూనిట్ల జాబితాను ఫ్యాక్టరీల శాఖ న్యాయ సేవాధికార సంస్థకు అందజేయవచ్చు. ప్యానెల్ న్యాయవాదులకు కొత్త కోడ్‌లపై, 1989 నియమాలపై శిక్షణ ఇవ్వవచ్చు. భద్రతా కమిటీలలోని కార్మిక సభ్యులను పారా లీగల్ వాలంటీర్లుగా తీర్చిదిద్దవచ్చు. ఫిర్యాదు నమూనా పత్రాన్ని తెలుగు, హిందీ, ఒడియా భాషలలో ముద్రించి క్యాంటీన్లలో, కార్మికుల వసతి గృహాలలో ఉంచవచ్చు. పరిశ్రమల సంఘాలు చిన్న యూనిట్ల కోసం ఉమ్మడిగా ఒక న్యాయ సలహాదారును, ఒక భద్రతా నిపుణుని నియమించుకోవచ్చు.

పాత్రికేయులు సైతం ప్రమాదం జరిగే వరకు వేచి ఉండనవసరం లేదు. ఒక పారిశ్రామిక వాడలోని యూనిట్లలో చివరి మాక్ డ్రిల్ ఎప్పుడు జరిగింది, ఆమోదించిన ప్లాను ప్రస్తుత ప్రక్రియకు సంబంధించినదేనా, భద్రతా అధికారుల పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి, ఆఫ్‌సైట్ ప్రణాళికను చివరిసారి ఎప్పుడు సవరించారు అన్న ప్రశ్నలకు 2005 సమాచార హక్కు చట్టం క్రింద సమాధానం కోరవచ్చు. సాధారణంగా 30 రోజులలో ఇవ్వవలసిన సమాచారాన్ని, ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలో ఇవ్వాలని ఆ చట్టంలోని 7వ సెక్షన్ నిర్దేశించింది.

యంత్రం ముందు నిలబడి పనిచేసే వ్యక్తికి అపాయం సూచనలు అందరికంటే ముందుగా తెలుస్తాయి. అసాధారణమైన వాసన, పెరిగిన వేడి, పనిచేయని గేజి, మూసివేసిన అత్యవసర ద్వారం అతని కంటబడతాయి. ఆ సంగతి వ్రాతపూర్వకంగా అధికారికి చేరడానికి తోడ్పడే న్యాయవాది గానీ, వాలంటీరు గానీ అతనికి అందుబాటులో ఉండాలి. అతని పేరు గోప్యంగా ఉండాలి. ఆ లేఖపై నిర్ణీత కాలంలో తనిఖీ జరగాలి. ఈ మూడింటిని సమకూర్చగలిగిన జిల్లాలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నింటిపై లోపాలను సరిదిద్దారు అన్న లెక్క, ఎంత ఎక్స్‌గ్రేషియా చెల్లించారన్న లెక్కకంటే ముందుగా ప్రజలకు అందుతుంది.